45 వేల స్క్వయర్‌కి మెరుగులు దిద్దాలా, 2 లక్షల అమెరికన్ ఫెండర్ దాకా ఆగాలా?

మారతహళ్ళి_స్ట్రాట్:
ఎలక్ట్రిక్ గిటార్ కొనేది బెంగళూరులోనే. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఫెండర్ వాళ్ళ చవక బ్రాండ్ స్క్వయర్‌లో, ఇండోనేసియాలో తయారయ్యే క్లాసిక్ వైబ్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ మోడల్) 45 వేల చుట్టుపక్కల తీసుకుని, ఇంకో 20 వేలు పెట్టి పికప్‌లు (తీగల ధ్వని పట్టేవి), ట్యూనర్లు (శ్రుతి చేసే మరలు), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) మార్చుకోవడం ఒకటి. 2 లక్షల దాకా కూడబెట్టి కాలిఫోర్నియాలోని కరోనా ఫ్యాక్టరీ ఫెండర్ కొనడం రెండోది. "చవక రకం ప్రాక్టీసుకే పనికొస్తుంది, స్టేజీ మీద పరువు పోతుంది" అని ఒక వాట్సాప్ గ్రూపులో తేల్చేశారు. వాయించేది సినిమా పాటలు, బ్లూస్, కొంచెం కర్ణాటక రాగాలు. పరువు సంగతి వదిలేయండి, అదనంగా పెట్టే లక్షన్నర ఎక్కడికి పోతుందో చెప్పండి.

ఆకురాయి:
మన దేశంలో రెండూ దిగుమతే, కరోనాది కూడా సుంకం కట్టే వస్తుంది. ధర నాలుగు రెట్లయితే నాణ్యత నాలుగు రెట్లు కాదు. ఆ తేడాలో పెద్ద వాటా అమెరికా కూలీది.

ఆ కూలి కనిపించేది ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు) దగ్గర, నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గర. షాపులో పికప్ పేరు అడగకముందే ఇవి చూడండి. గిటార్ శ్రుతి చేసి, లావు తీగని మొదటి ఫ్రెట్‌లో, చివరి ఫ్రెట్‌లో ఒకేసారి నొక్కండి. 8వ ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.25 మి.మీ. ఖాళీ ఉండాలి. 9.5 అంగుళాల రేడియస్ (మెడ పైభాగపు వంపు) ఉన్న మెడకి ఫెండర్ చెప్పే కొలత అది. అంత లేకపోయినా, ఎక్కువున్నా కంగారు పడక్కర్లేదు, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఉక్కు కడ్డీ) తిప్పితే దారికొస్తుంది. తర్వాత 17వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు 1.6 మి.మీ.కి దించమనండి. దించాక ఆరు తీగల్నీ ప్రతి ఫ్రెట్‌లో మీటండి. అంతటా బాగుండి ఒక్కచోటే జర్రుమంటే బ్రిడ్జ్ వైపు దాని పక్క ఫ్రెట్ లేచి ఉన్నట్టు. దానికి ట్రస్ రాడ్ మందు కాదు. లెవలింగ్ (ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకి అరగదీయడం) చేయించాలి, లేదా ఆ పీసు పక్కన పెట్టించి ఇంకోటి తీయించాలి. ఒకే మోడల్‌లో రెండు పీసులకి తేడా చవక గిటార్లలోనే ఎక్కువ. అందుకే వీటిని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు.

ఇక నట్. మూడో ఫ్రెట్‌లో నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకి ఎంత సందు ఉందో చూడండి. పల్చటి కాగితం దూరితే చాలు. చాలా చవక వాటిలో విజిటింగ్ కార్డు దూరుతుంది. గాడి లోతుగా కోస్తే నట్ పారేయాల్సింది ఫ్యాక్టరీ, ఎత్తుగా వదిలేస్తే తిప్పలు కొన్నవాడివి. ఎత్తుగానే వదిలేస్తారు. అప్పుడు ఓపెన్ తీగలు శ్రుతిలోనే పలుకుతాయి, మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ కార్డ్ పట్టగానే స్వరం పైకి జారుతుంది. జనం ట్యూనర్లని తిట్టి లాకింగ్ రకం వేయిస్తారు. నట్ మాత్రం అలాగే ఉంటుంది.

నల్లమద్ది:
ఫ్రెట్లు బాగుచేయించుకోవచ్చు, ఒప్పుకుంటా. చెక్క మాటేంటి? క్లాసిక్ వైబ్ 50స్‌ది పైన్ బాడీ. అసలు ఫెండర్లు ఆల్డర్, యాష్. అవీ ఇవీ ఒకేలా ఎలా మోగుతాయండీ?

టంకం_ఎస్పీరోడ్:
పికప్‌కి తెలిసేది ఉక్కు తీగ ఒక్కటే. అయస్కాంత క్షేత్రంలో తీగ ఆడితే చుట్టలో వోల్టేజి పుడుతుంది, ఆంప్‌కి వెళ్ళేది అదే. చెక్కకి అసలు పాత్రే లేదనను. మెడ కొన్ని స్వరాల దగ్గర తీగ శక్తిని తాగేస్తుంది. స్ట్రాట్ మెడల్లో మూడో తీగ 5, 6, 7 ఫ్రెట్ల దగ్గర తొందరగా ఆరిపోవడం చాలామంది చూసే ఉంటారు. అది 2 లక్షల దానిలోనూ ఉంటుంది, దాన్ని డబ్బుతో వదిలించుకోలేం.

ధ్వనిని నిజంగా మార్చేవి వేరే. ఒకటి, పికప్ నిర్మాణం. స్క్వయర్ అఫినిటీ లాంటి కింది రకాల్లో మామూలు ఉక్కు పోల్‌పీసులకి (తీగల కింది చిన్న కడ్డీలు) అడుగున సిరామిక్ అయస్కాంతం పట్టీ అంటించి ఉంటుంది. క్లాసిక్ వైబ్‌లో పోల్‌పీసులే అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాలు, పాత ఫెండర్ పద్ధతి. అందుకని అఫినిటీలో పికప్‌లు మారిస్తే తేడా వినపడుతుంది. క్లాసిక్ వైబ్‌లో 12 వేలు పోసి మార్చినా, మీరు వెతికి వింటే తప్ప తెలియదు.

రెండు, వాటి ఎత్తు. పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్‌లో నొక్కి, పికప్‌కీ తీగకీ మధ్య లావు వైపు 2 మి.మీ., సన్నం వైపు 1.6 మి.మీ. పెట్టండి. అల్నికో కడ్డీలు ఇంకా దగ్గరికొస్తే తీగని లాగుతాయి, లావు తీగలు పై ఫ్రెట్లలో అపశ్రుతిగా వణుకుతాయి. దీన్ని చూసి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లోనూ శ్రుతి సరిపోవడం) పోయిందనుకుని బ్రిడ్జ్ స్క్రూలతో కుస్తీ పట్టేవాళ్ళు బోలెడు.

మూడు, పాట్‌లూ (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు) కేబులూ. సింగిల్ కాయిల్‌కి (ఒకే చుట్ట ఉన్న పికప్) 250 కె (కిలో ఓమ్‌లు), హమ్‌బకర్‌కి (జంట చుట్టలది) 500 కె. చవక మినీ పాట్‌లలో 20 శాతం దాకా అటూఇటూ ఉండొచ్చు, 250 అని రాసున్నది 200 చూపిస్తే పై స్థాయి మందగిస్తుంది. మల్టీమీటర్‌తో రెండు చివరి కాళ్ళ మధ్య కొలవండి, ఎక్కువ చూపించినది వాల్యూమ్‌కి వాడండి. పొడుగు కేబుల్ కూడా అదే పని చేస్తుంది. రెండు గిటార్లు పోల్చేటప్పుడు కేబుల్ మారిస్తే ఆ పోలిక చెల్లదు.

మేపుల్‌మెడ:
మీ లెక్కలన్నీ గిటార్ విప్పడం వచ్చినవాడికి. 45 వేలకి 20 వేల పార్టులు కలిపితే 65 వేలు. రేపు అమ్మేటప్పుడు "సీమోర్ డంకన్ పికప్‌లు వేశాను" అంటే కొనేవాడు తల ఊపుతాడు, ధర మాత్రం స్క్వయర్‌దే ఇస్తాడు. పాత పార్టులు తిరిగి బిగించి, కొత్తవి విడిగా అమ్ముకోవాలి.

పైగా అన్నీ సరిపోవు. అఫినిటీ బాడీ మందం తక్కువ, పూర్తి సైజు ట్రెమొలో (పిడితో కదిలే బ్రిడ్జ్) బ్లాక్ వేస్తే వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది. కొన్ని ఆసియా బ్రిడ్జ్‌లలో తీగల మధ్య దూరం 10.5 మి.మీ., కొన్నింటిలో 10.8. స్క్రూ రంధ్రాలు కూడా అలాగే తేడా. కొలవకుండా ఆర్డర్ పెడితే ఇత్తడి బ్లాకూ వాపసు పార్సిలూ మిగులుతాయి. సీటీఎస్ కంపెనీ పెద్ద పాట్ మెడకి 9.5 మి.మీ. రంధ్రం కావాలి, మినీ పాట్ ఉన్నచోట అది పట్టదు. డ్రిల్లు బదులు రీమర్ వాడకపోతే పిక్‌గార్డ్ చిట్లుతుంది. పాత నాబ్ కొత్త షాఫ్ట్‌కి ఎక్కదు, పళ్ళ లెక్క వేరు.

అమెరికన్ ప్రొఫెషనల్ 2లో ఎముక నట్, చేతికి గుచ్చుకోకుండా అంచులు గుండ్రంగా అరిగించిన ఫింగర్‌బోర్డ్, ఉక్కు ట్రెమొలో బ్లాక్, జారే శాటిన్ మెడ అన్నీ పెట్టె తీసేసరికే ఉంటాయి. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిపి స్క్వయర్‌లో చేయించి చూడండి, మంచి పనివాడు దొరికితే!

టంకం_ఎస్పీరోడ్:
శాటిన్ మెడ కోసం లక్షన్నరా అన్నా? క్లాసిక్ వైబ్ మెడ నిగనిగ పూత చెమటకి అతుక్కుంటుంది, నిజమే, చెన్నై వాళ్ళకి ఇంకా ఎక్కువ. ఫింగర్‌బోర్డ్‌కి టేప్ వేసి, మెడ వెనక పచ్చ స్క్రబ్బర్‌తో పొడుగువాటుగా నెమ్మదిగా రుద్దితే శాటిన్ అయిపోతుంది. అడ్డంగా రుద్దకండి, గీతలు కనిపిస్తాయి. అమ్మే ఆలోచన ఉంటే అసలు రుద్దకండి.

గమకం_గిటార్:
కర్ణాటకం అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. ఇక్కడ ధర కన్నా కొలతలు ముఖ్యం, ఆ కొలతలు స్క్వయర్‌లోనూ అమెరికన్‌లోనూ ఒకటే.

గమకానికి తీగని ఒక ఫ్రెట్‌లో నొక్కి పక్కకి లాగి రెండు మూడు స్వరాలు ఎక్కాలి. ఫింగర్‌బోర్డ్ వంపు ఎక్కువైతే లాగిన తీగ మధ్యలోని ఎత్తు మీదికి ఎక్కి, పై ఫ్రెట్‌ని తాకి చచ్చిపోతుంది. పాత పద్ధతి 7.25 అంగుళాల రేడియస్‌లో ఇది ఘోరం. 9.5 ఫరవాలేదు, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) 1.6 కన్నా కొంచెం పైన ఉంచుకోవాలి. గిబ్సన్, దాని చవక బ్రాండ్ ఎపిఫోన్ 12 అంగుళాలు, ఇంకా సుఖం. స్కేల్ పొడవు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) కూడా చూడండి: ఫెండర్ 648 మి.మీ., గిబ్సన్ లెస్ పాల్ 628, పీఆర్ఎస్ కంపెనీవి 635. అదే తీగ, అదే శ్రుతి అయితే పొట్టి స్కేల్‌లో బిగువు తక్కువ, లాగడం తేలిక. 9–42 సెట్‌తో (సన్నటి తీగల సెట్) మొదలుపెట్టండి.

అసలు గొడవ ట్రెమొలో. గాలిలో తేలే బ్రిడ్జ్ మీద ఒక తీగని లాగితే బ్రిడ్జ్ ముందుకి వంగుతుంది, మిగతా అయిదు తీగలూ శ్రుతి దిగుతాయి. పక్కన షడ్జ పంచమాలు మోగిస్తూ రిషభం మీద గమకం పట్టి చూడండి, తంబురా కింద పడినట్టుంటుంది. 2 లక్షల ట్రెమొలో కూడా ఇంతే వంగుతుంది. మందు చవక: వెనక మూత తీసి, అయిదు స్ప్రింగులు వేసి, బ్రిడ్జ్ బాడీకి ఆనేదాకా క్లా (స్ప్రింగులు తగిలించే పట్టీ) స్క్రూలు రెండూ సమంగా బిగించండి. తర్వాత యాక్షన్, ఇంటొనేషన్ మళ్ళీ చూసుకోవాలి. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడ్డ మాండలిన్ శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ మాండలిన్‌కి అయిదే తీగలు, జంటలు తీసేసి ఒంటి తీగలు. వాద్యం తన సంగీతానికి తగ్గట్టుందా అన్నది ఆయన ముందు చూశారు. స్ట్రాట్ మీద మనసు లేకపోతే కదలని బ్రిడ్జ్ ఉన్న టెలికాస్టర్ రకం చూడండి.

నల్లమద్ది:
పొట్టి స్కేల్ అన్నారు. మరి చైనా ఎపిఫోన్ వదిలి నాష్‌విల్ గిబ్సన్ లెస్ పాల్‌కి వెళ్తే శ్రుతి నిలుస్తుందా?

ఆకురాయి:
నిలవదు, నట్ గాడి సరిగ్గా కోయకపోతే. రెండింటిదీ ఒకటే నమూనా: తలకి అటు మూడు, ఇటు మూడు ట్యూనర్లు. మూడో, నాలుగో తీగలు నట్ దాటాక పక్కకి విరుగుతాయి, గాడిలో ఇరుక్కుంటాయి, లాగి వదిలితే వెనక్కి రావు. గాడి అంచు తీగ వెళ్ళే దిక్కుకి చెక్కి, పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే చాలావరకు తగ్గుతుంది. గిబ్సన్ తల 17 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ కోసం చెక్క తొలిచేస్తారు. స్టాండ్ మీంచి వెనక్కి పడితే విరిగేది ఆ మెడ దగ్గరే. ఫెండర్ బల్లపరుపు తల ఆ దెబ్బకి సాధారణంగా బతికిపోతుంది.

మారతహళ్ళి_స్ట్రాట్:
అయితే నా 20 వేలు ఎక్కడ పెట్టను? ఇంకోటి, ఫ్లాట్‌లో సింగిల్ కాయిల్ హమ్ గట్టిగా వస్తుందని భయం.

టంకం_ఎస్పీరోడ్:
హమ్‌కి పికప్ మార్చకండి. ముందు ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ లేని చోట ఎంత ఖరీదైన గిటారైనా బుర్రుమంటుంది. ఆంప్ మూడో పిన్ తీసేసి వాడే వాళ్ళున్నారు, ఆ పని చేయొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఎర్త్ బాగుంటే రాగి రేకు టేప్ కొనండి, ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. తీగలు తీసి, పిక్‌గార్డ్ విప్పి, లోపలి గుంతలు మొత్తం అతికించండి. రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేచోట టంకం చుక్క పెట్టండి, జిగురు వైపు కరెంటు సరిగ్గా పోదు. పిక్‌గార్డ్ వెనక కూడా రేకు వేసి, బిగించినప్పుడు గుంత అంచు రేకుని తాకేలా చూడండి. గుంత రేకు నుంచి ఒక వైరు వాల్యూమ్ పాట్ వీపుకి. మల్టీమీటర్‌తో రేకుకీ జాక్ బయటి కాలికీ మధ్య 1 ఓమ్ లోపు రావాలి. జాక్ సిగ్నల్ కాలు రేకుకి తగలకూడదు, తగిలితే శబ్దమే రాదు. దీనితో ట్యూబ్‌లైట్, డిమ్మర్ల గీగీ తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 50 హెర్ట్జ్ మోత పూర్తిగా పోదు, అది సింగిల్ కాయిల్ జాతకం.

ఆకురాయి:
ఖర్చు ఈ వరసలో పెట్టండి. ముందు నట్, సెటప్. తర్వాత, అవసరమైతేనే, ఫ్రెట్ లెవలింగ్, క్రౌనింగ్ (ఫ్రెట్ల పైభాగం మళ్ళీ గుండ్రం చేయడం). తర్వాత జాక్, స్విచ్, పాట్‌లు. వాయిస్తున్నప్పుడు స్టేజీ మీద చచ్చేవి అవే. ఆ తర్వాత డబ్బు మిగిలితే పికప్‌లు. ట్యూనర్లు నిజంగా జారుతుంటేనే.

బెంగళూరు ఎండ గురించి ఒక్కటి. తేమ చోట తయారై ఇక్కడికొచ్చిన మెడ ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఎండి కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. ఫ్రెట్ చివరలు అంచు దాటి చేతికి గీసుకుంటాయి. సెటప్‌తో పాటే చివరలు అరగదీయమనండి. వానాకాలంలో చేయిస్తే చివరలు దాక్కుని ఉంటాయి, ఎండాకాలం మళ్ళీ బయటికొస్తాయి. గదిలో తేమ 45–55 శాతం ఉంటే మెడ పెద్దగా కదలదు.

మేపుల్‌మెడ:
ఇంత పని చేయించే ఓపిక లేకపోతే మూడో దారి ఉంది: మెక్సికోలోని ఎన్సెనాడాలో తయారైన ఫెండర్, వాడినది. పార్టులు చాలావరకు నేరుగా సరిపోతాయి, తలమీద ఫెండర్ అని ఉంటుంది, అమ్మితే పోయేది తక్కువ.

చూసేటప్పుడు ట్రస్ రాడ్ నట్ కొంచెం తిప్పించండి. పూర్తిగా బిగిసి ఉండి మెడ ఇంకా ముందుకి వంగే ఉంటే వదిలేయండి. మొదటి అయిదు ఫ్రెట్లలో తీగల కింద లోతు గాడులు ఉంటే లెవలింగ్‌కి మిగిలింది తక్కువ, ధరలో రీఫ్రెట్ (కొత్త ఫ్రెట్లు వేసే) ఖర్చు తగ్గించమనండి. మెడ బాడీలో కూర్చునే చోట పూత మీద వెంట్రుకంత గీత మామూలే, గోరు పట్టేంతైతే చెక్క చీలిందేమో చూడాలి. నాలుగు స్క్రూలు విప్పనిచ్చేవాడి దగ్గరే కొనండి. మెడ చివర ఫ్యాక్టరీ ముద్ర, పికప్‌ల అడుగు చూశాకే డబ్బు ఇవ్వండి.