ఉదయగిరి వైపు ఏ సిమ్ పలుకుద్ది? అమ్మ నంబరు పోర్ట్ చేయాలి

వలసపక్షి:
మాది సీతారామపురం మండలంలో కొండ కింద పల్లె. నేను హైదరాబాదులో ఉంటాను. అమ్మ ఒక్కతే ఊళ్లో. ఆమె చేతిలో పాత బటన్ల ఫోను. ఇంట్లో ఉంటే రింగ్ పోదు, పోయినా రెండు మాటలకే తెగుతుంది. మిద్దె ఎక్కితే పలుకుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని మాటిమాటికీ మిద్దె ఎక్కమని ఎట్ట చెప్పేది? ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం వాళ్లు ఎవరైనా ఉంటే ఏ కంపెనీ మేలో చెప్పండి. కంపెనీల మ్యాపుల్లో మా ఊరంతా రంగు పూసే ఉంది. ఇంటర్నెట్టు వేగం నాకు అక్కర్లేదు, మాట వినబడితే చాలు.

నిర్వాహకుడు:
ముందే చెప్తున్నా. మీ సొంత ఫిర్యాదుల్లో కంపెనీ పేరు రాయొద్దు. పోయినసారి చర్చ అందుకే మూసేయాల్సొచ్చింది. బ్యాండ్లు, నిబంధనలు, రేట్ల గురించైతే పేర్లు రాసుకోండి.

కావలి_కుర్రోడు:
కావలి ట్రంకు రోడ్డులో 5జీ దుమ్ము లేపుతాంది అన్నా. కళ్లు మూసుకుని పోర్ట్ కొట్టెయ్.

వలసపక్షి:
తమ్ముడూ, మా అమ్మ కావలి ట్రంకు రోడ్డులో కాపరం చేయడం లేదు.

టవరెక్కినోడు:
ఏ కంపెనీ అని అడిగితే ఎవరిష్టం వాళ్లు చెప్తారు. ఏ బ్యాండు, అంటే ఏ ఫ్రీక్వెన్సీ, అని అడగాలి. నేను టవర్ల మీద యాంటెన్నాలు బిగించే పని చేసినవాణ్ణి, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ బటన్ల ఫోను సంగతి. అది 2జీ ఫోను అయితే జియో సిమ్ వేసినా పలకదు. 2016 సెప్టెంబరులో జియో మొదలైందే 4జీతో, దానికి 2జీ లేనే లేదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లకు 2జీ ఇంకా ఉంది. కాబట్టి కంపెనీని ఎంచుకునే ముందు ఫోను ఏదో తేల్చుకోండి.

రెండోది దూరం. తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ దూరం పోతుంది, గోడల్లోంచి కూడా దూరుతుంది. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌లలో వస్తోంది. ఆ 700నే బ్యాండ్ 28 అంటారు. కావలి తమ్ముడు మురిసిపోతున్న 5జీలో ఎక్కువ భాగం 3500 దగ్గర నడుస్తుంది, వేగం ఉంటుంది గానీ మందపాటి గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. పైగా మీ వైపు వెలిగొండలు, ఉదయగిరి దుర్గం కొండ అడ్డు. టవరు కొండకు అవతల ఉంటే ఏ బ్యాండైనా కష్టమే. కొత్త ఫోను కొంటే అందులో బ్యాండ్ 28 ఉందో లేదో చూసి కొనండి. ఇది మర్చిపోవద్దు.

మ్యాపుల మాట: టెలికం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ పెట్టమంటే కంపెనీలు పెట్టాయి. అది లెక్కగట్టి పూసిన రంగు. మీ అమ్మగారి వంటింట్లో నిలబడి కొలిచింది కాదు.

పొగాకు_కలిగిరి:
బ్యాండు, బాజా అంటా ఇన్ని మాటలెందుకు సామీ. సిగ్నలు లేని కాడ ఏ సిమ్మైనా ఒకటే. ఎటూ పలకనప్పుడు చవగ్గా పలకనిది వేసుకో.

2024 జులైలో ఏం జరిగిందో మర్చిపోయినారా? జియో, ఎయిర్‌టెల్, వీఐ ముగ్గురూ ఒక్క వారంలోనే రేట్లు పెంచినారు. మా ఇంట్లో నాలుగు సిమ్ములు. డి.సి.పల్లి వేలంలో నా పొగాకు బేలుకు కిలోకి రూపాయి కోసినా అడిగేదానికి నాకు నోరు లేదు. వీళ్లు పెంచితే మాత్రం నోరెత్తకుండా కట్టాల. ఎవురడగాల వీళ్లని?

టవరెక్కినోడు:
అన్నా, ఆయన అడిగింది రేట్లు కాదు.

పొగాకు_కలిగిరి:
రేట్లు కాకపోతే ఇంకేంది? నెలనెలా రీచార్జి చేసేది గాలికా? ఆ పెద్దమ్మ ఫోనులో నెట్టు వాడుద్దా? వాడని నెట్టుకు దుడ్లెందుకు కట్టాల?

టవరెక్కినోడు:
ఆ ఒక్క మాటా పనికొచ్చేది. ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చింది. మాటలు, ఎస్ఎమ్మెస్‌లకు మాత్రమే ఉండే ప్యాకులు ప్రతి కంపెనీ పెట్టాలి. అడిగి అది వేయించుకోండి, దుకాణంలో వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఇంతకీ కొత్త ఫోను కొంటున్నారా? బ్యాండ్ 28 చూశారా?

రొయ్యల_గుంట:
విడవలూరు నుంచి రాస్తున్నా. మాటలు, వేగాలు కాదు నాకు, రాత్రి కరెంటు పోతే మెసేజ్ రావాల. గుంట కాడ మోటారు పెట్టెలో సిమ్ ఉంటది, కరెంటు పోయిందంటే ఫోనుకు కబురు చేస్తది. పోయిన సీజన్లో ఒక రాత్రి కబురు తెల్లారినాక వచ్చింది. నీళ్లకు గాలి పెట్టే ఏరేటర్లు ఆగిపోయినాయి. లేచి చూసేసరికి రొయ్య అంతా గట్టుకొచ్చి తేలి ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మీ ప్రాంతంలో నెట్‌వర్క్ బాగానే ఉంది సార్" అంటది ఆ అమ్మాయి. పేరు రాయనులే, నిర్వాహకుడు ఊరుకోడు. ఏ కంపెనీనీ నమ్మొద్దు. రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకో.

టవరెక్కినోడు:
మీ పెట్టెలో ఉన్నది 2జీ మాడ్యూలు అయ్యుంటుంది. పైగా కరెంటు పోయిన చోట టవరుకూ కరెంటు పోతుంది. బ్యాటరీలు పాతబడితే, జనరేటర్లో డీజిలు లేకపోతే టవరు కూడా పడుకుంటుంది. మీ కబురు అక్కడే ఆగి ఉంటుంది.

రొయ్యల_గుంట:
అంటే తప్పు నాదా? పంట పోయింది నాది, పాఠం చెప్పేది నువ్వు.

మార్కాపురం_పలక:
దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఏ సిమ్మూ లేదు, ఏ బ్యాండూ లేదు. హాయిగా ఉంటుంది.

కొండకిందోడు:
అడిగినాయన ఊరు ఏది? పంచాయతీ పేరు రాయి.

వలసపక్షి:
పేరెందుకులెండి. కొండ కింద పల్లె, బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది.

కొండకిందోడు:
అట్టనా. అయితే నే చెప్తా విను. మా వైపు అన్ని సిమ్ములూ ఒకటే. పోర్ట్ కొట్టి ఏం సాధిస్తావు? 1900కు మెసేజ్ పెట్టి, కోడ్ తెప్పించుకుని మారిపోయినా మళ్లా 90 రోజులు కదలడానికి లేదు. అది కూడా పలకదు. అప్పుడు ఇంకోటి. సిమ్ములు మారస్తా కూర్చో.

వలసపక్షి:
అన్నీ ఒకటే అని మీరు తేల్చేశారు. ఎందుకు ఒకటే? మా ఊళ్లో టవరు పెడతామని మనుషులొచ్చారు. స్థలం కొలిచారు. అప్పుడు నలుగురు కూడి అడ్డం పడ్డారు. రేడియేషనట, పిల్లలకు జబ్బులట. ఇప్పుడు వాళ్లే మిద్దెలెక్కి "హలో హలో" అని అరుస్తున్నారు. కంపెనీల్ని అనేముందు ఇది కూడా మాట్లాడాలి గదా.

టవరెక్కినోడు:
ఇది నేను చాలా ఊళ్లలో చూశాను. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. అనుమానం ఉంటే టెలికం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్లో డబ్బు కట్టి కొలిపించుకోవచ్చు. అసలు సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడే చెవి దగ్గర ఫోను ఎక్కువ శక్తి వాడుతుంది, దూరంగా ఉన్నవాడికి కేకేసినట్టు. టవరు దగ్గరుంటే ఫోను మెల్లిగా మాట్లాడుతుంది. టవరు వద్దన్నవాళ్లు...

కొండకిందోడు:
పదో వంతు, పన్నెండో వంతు నాకు చెప్పబాక. ఆ రోజు అడ్డం పడ్డోళ్లలో నేనూ ఉండా. రేడియేషన్ అని గట్టిగా అరిచింది కూడా నేనే.

పొగాకు_కలిగిరి:
ఓహో.

వలసపక్షి:
అదిగో. ఒప్పుకున్నారు గదా. మీలాంటి వాళ్ల మూర్ఖత్వానికి మా అమ్మ మిద్దె ఎక్కాల్సొస్తోంది. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చినవాడు లేకపోతే ఇట్టాగే ఉంటుంది.

కొండకిందోడు:
నాలుగు అక్షరాలు వచ్చినవాడు అన్నావు చూడు, అందుకు రాస్తుండా. లేకపోతే ఊరుకునేవాణ్ణి.

టవరు యాడ పెడతామన్నారో ఈ నలుగురికీ చెప్పినావా? చెప్పలా. మీ దొడ్డిలో. నువ్వు ఊరొదిలి పోయినాక కంపచెట్లు మొలిచిన దొడ్డి. దాని గోడ మా గోడ ఒకటే. కరెంటు పోతే జనరేటరు మోగేది మా తలకాడ. డీజిలు పొగ మా ఇంట్లోకి. రాత్రిపూట డీజిలు పోసేదానికి వచ్చే ఆటోకు దారి మా వాకిట్లోంచి. నెలనెలా అద్దె మాత్రం హైదరాబాదుకు. కాగితాల మీద సంతకం పెట్టేముందు మా నాయనకు ఒక్క మాట చెప్పినావా? పెద్దోడని కూడా చూడలా. టేపు పట్టుకుని మనుషులు దిగేదాకా మాకు తెలవదు. అప్పుడేమనాల మేము? "అద్దె మాకూ ఇయ్యండి" అని అడిగితే సిగ్గుచేటు. అందుకని రేడియేషన్ అన్నాం. ఆ మాట అంటే ఆఫీసర్లు కూడా ఆగుతారు.

వలసపక్షి:
నువ్వా అన్నా? నువ్వని తెలిస్తే ఇక్కడ రాసేవాణ్ణే కాదు. ఇంటి సంగతి పదిమందిలో పెట్టడం ఏం పద్ధతి? అద్దె నాకెందుకు? అమ్మ ఖాతాలో పడేది.

కొండకిందోడు:
చిన్నమ్మ ఖాతా సరే. కార్డు ఎవురి కాడ ఉండాది?

మార్కాపురం_పలక:
అమ్మో.

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. కుటుంబ విషయాలు విడిగా మాట్లాడుకోండి. చర్చ సిగ్నల్ గురించి.

కొండకిందోడు:
సిగ్నల్ గురించే చెప్తుండా సామీ. సిమ్ము ఏదని అడుగుతాడు గానీ టవరు తన దొడ్డిలోనే ఎందుకు ఉండాలో చెప్పడు. నీళ్ల ట్యాంకు పక్కన పంచాయతీ స్థలం ఖాళీగా ఉండాది. ఇళ్లకు ఎడం. అక్కడ పెట్టమని మేం ఆ రోజే చెప్పినాం. అద్దె పంచాయతీకి పోద్ది, వీధి లైట్లకన్నా పనికొస్తది. దానికి నువ్వు ఫోన్లో ఏమన్నావు? "అయితే వద్దులే" అన్నావు. వద్దన్నది నువ్వు. మాకు పేరు పెట్టినావు.

టవరెక్కినోడు:
ట్యాంకు పక్కనైతే ఎత్తు కలిసొస్తుంది. ఒకసారి ఎంచిన చోటు నుంచి కొంచెం జరపడం కుదురుతుంది, కవరేజి లెక్క చెడకపోతే చాలు. అదీగాక ఒకే టవరు మీద ఇద్దరు ముగ్గురు కంపెనీల వాళ్లు యాంటెన్నాలు పెట్టుకుంటారు, అప్పుడు ఏ సిమ్ అన్న గొడవే ఉండదు. ప్రభుత్వం కూడా సిగ్నల్ లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022లో పథకం తెచ్చింది, బీఎస్ఎన్ఎల్ చేత చేయిస్తోంది. మీ ఊరు ఆ జాబితాలో ఉందేమో కనుక్కోండి.

వలసపక్షి:
మ్యాపులో రంగు పూసి ఉన్న ఊరు "సిగ్నల్ లేని ఊరు" జాబితాలో ఎట్ట ఉంటుంది?

పొగాకు_కలిగిరి:
ఈ చర్చ మొత్తంలో తగిన మాట ఇదొక్కటే.

వలసపక్షి:
అన్నా, అద్దె గురించి నేను ఆలోచించలేదని అనను. ఆ దొడ్డి నాన్న నాకిచ్చింది. ఊళ్లో నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా పంచాయతీ వాళ్లో, మీరో చెప్పినట్టు నడవాలా? మీరు ఊళ్లో ఉన్నారు కాబట్టి ఊరంతా మీదేనా?

కొండకిందోడు:
ఊరు నీదీ నాదీ కాదని నేననలా. పండక్కి వచ్చి నాలుగు రోజులుండి పోయేవాడివి, ఏడాది పొడుగూతా చప్పుడు వినేవాణ్ణి అడిగి చెయ్యాల. అంతే నే చెప్పేది. మొన్న చిన్నమ్మకు జొరమొస్తే ఉదయగిరి ఆసుపత్రికి ఆటో మాట్లాడింది ఎవురు? నీకు కబురు చెప్పేదానికి ఆమెను మిద్దెక్కించింది కూడా నేనే.

వలసపక్షి:
జ్వరమొచ్చిందని అమ్మ నాకు చెప్పలేదు.

కొండకిందోడు:
చెప్పబోయింది. తెగిపోయింది.

కావలి_కుర్రోడు:
ఇంతకీ ఏ సిమ్ అన్నా?

టవరెక్కినోడు:
టవరు ఎక్కడన్నది తేలడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఒక దారి ఉంది. ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయొచ్చు. టవరుతో పని లేకుండా అదే నంబరు మీద మామూలు కాల్ పోతుంది, వస్తుంది. జియో, ఎయిర్‌టెల్ రెండింట్లోనూ ఉంది. దానికి వైఫై కాలింగ్ ఉన్న స్మార్ట్‌ఫోను కావాలి, బటన్ల ఫోను పనికిరాదు. ఊళ్లో ఫైబర్ కేబుల్ ఎవరికైనా ఉందా?

కొండకిందోడు:
మా ఇంట్లో ఉండాది. పిల్లోడి చదువుకని పెట్టించినా. గోడ అవతలే చిన్నమ్మ పడకటిల్లు.

వలసపక్షి:
అన్నా, నెలకు కేబుల్ బిల్లు నేను కడతా.

కొండకిందోడు:
సగం కట్టు. ఫోను మంచిది కొను, అక్షరాలు పెద్దవిగా కనబడేది. వాట్సాపు నేర్పిచ్చే పని మా పిల్లోడు చూసుకుంటాడు. ట్యాంకు కాడ స్థలం సంగతి సర్పంచితో మాట్లాడతా, నువ్వు ఆ కంపెనీ వాళ్లకు ఫోన్ కొట్టి దొడ్డి వద్దని చెప్పు. పాస్‌వర్డు చిన్నమ్మకు ఇస్తా. నీకియ్యను.

టవరెక్కినోడు:
రూటర్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి. 5లో పెడితే ఆ గోడ దాటదు. ఫోను కొనేటప్పుడు బ్యాండ్ 28 కూడా చూడండి, రేపు టవరు వచ్చినా పనికొస్తుంది.