అడ్వాన్సు తీరకుండా కూలీ పని మానేయవచ్చా? సామాను తరలింపు సంస్థల్లో వెట్టిపై చర్చ

గోదాము లెక్కలు:
ఇళ్ళ సామాను తరలించే ఒక సంస్థలో లెక్కలు చూస్తాను. మాకు పని అప్పగించే పెద్ద కంపెనీ ఒకటి "మీ దగ్గరా, మీకు మనుషులనూ సరుకులనూ సరఫరా చేసేవారి దగ్గరా బలవంతపు చాకిరి లేకుండా ఏ చర్యలు తీసుకుంటున్నారో రాసి పంపండి" అని అడిగింది. వారిది బ్రిటన్ సంస్థ. అక్కడి 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం ఏటా 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి వ్యాపారం చేసేవారు ఇలాంటి ప్రకటన వెలువరించాలి. అందుకే ప్రశ్న మా దాకా వచ్చింది. రాయబోతే ఒక్కచోట చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ ద్వారా కూలీలకు అడ్వాన్సు ఇస్తాం. అది తీరేవరకూ వెళ్ళకూడదంటాం. ఇది వెట్టి అవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

లారీ యజమాని:
కాదు. అడ్వాన్సు కూలీ అడిగితేనే ఇస్తాం. ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని మనిషికి వడ్డీ లేకుండా డబ్బు ఇచ్చేది మేమే. ఇరవై ఏళ్ళ నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాను. ఒక్కరినీ కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. సాయం చేసినందుకు బానిసల వ్యాపారి అనిపించుకోవాలా?

నిబంధన:
కొట్టడం, బంధించడం ఉంటేనే బలవంతపు చాకిరి అనుకోవడం పొరపాటు. శిక్షకు భయపడి, ఇష్టం లేకుండా చేసే పని ఏదైనా అదేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే 29వ ఒడంబడికలో నిర్వచించింది. గుర్తించడానికి ఆ సంస్థ 11 సూచికలు ఇచ్చింది. గుర్తింపు పత్రాలు పట్టుకోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టిపడేయడం వాటిలో ఉన్నాయి.

పాత జట్టు:
ఆరేళ్ళు సామాను మోశాను. చేరిన రోజునే మేస్త్రీ నా గుర్తింపు కార్డు తీసుకున్నాడు. రెండో ఏడాది వేరేచోట డ్రైవర్ పని దొరికింది. కార్డు ఇవ్వమంటే అడ్వాన్సు లెక్క తేలాలన్నాడు. లెక్క అడిగితే పుస్తకం యజమాని దగ్గర ఉందన్నాడు. యజమానిని అడిగితే మేస్త్రీతో మాట్లాడుకోమన్నాడు. పగిలిన అద్దం, గీత పడిన బల్ల, అన్నీ నా ఖాతాలోనే రాశారు. ఆ డ్రైవర్ పని పోయింది. నన్ను కూడా ఎవరూ కొట్టలేదు, లారీ యజమాని గారూ.

లారీ యజమాని:
మీ మేస్త్రీ చెడ్డవాడైతే అందరినీ అంటారా? మా దగ్గర కూడా కార్డులు బీరువాలో పెడతాం. ఎందుకంటే మా వాళ్ళు లారీల్లో, గోదాముల్లో పడుకుంటారు. ఏడాదిలో ముగ్గురు కార్డులు పోగొట్టుకుని నా చుట్టూ తిరిగారు. అది భద్రత.

మూడో అంతస్తు:
నేను రెండుసార్లు ఇల్లు మారాను. మోసినవారి పేర్లు కూడా అడగలేదు. ఇది చదివాక మనసు బాగాలేదు.

సరఫరా గొలుసు:
అందరూ కార్డుల దగ్గరే ఆగిపోయారు. మీరు కొనే చేతి గ్లోవ్స్, దుప్పట్లు, అట్టపెట్టెలు ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా తయారవుతున్నాయో చూశారా? మలేషియాలోని ఒక పెద్ద రబ్బరు గ్లోవ్స్ తయారీ సంస్థ సరుకును బలవంతపు చాకిరి ఆధారాలతో అమెరికా 2020లో తన రేవుల్లో ఆపేసింది. వలస కార్మికులు ఉద్యోగం కోసం దళారులకు చెల్లించిన రుసుములను ఆ సంస్థ వారికి తిరిగి ఇచ్చింది. 2021లో గానీ నిషేధం తొలగలేదు. సరుకు ఆగితే తప్ప కదలరు.

లారీ యజమాని:
అదీ అసలు విషయం. తప్పంతా ఆ ఫ్యాక్టరీలది. వాటిని వదిలేసి మా బీరువా మీద పడ్డారు.

పాత జట్టు:
ఫ్యాక్టరీ మీకు దూరం. బీరువా మీ గదిలోనే ఉంది. భద్రత కోసమే అయితే ఒక్కొక్కరికీ తాళం ఉన్న చిన్న పెట్టె ఇవ్వండి. తాళంచెవి కూలీ దగ్గరే ఉండనివ్వండి. పెద్ద ఖర్చేమీ కాదు.

లారీ యజమాని:
తాళంచెవి వాళ్ళ చేతిలో పెడితే రాత్రికి రాత్రి అడ్వాన్సుతో సహా వెళ్ళిపోతారు!

నిబంధన:
దయచేసి మీరు రాసింది మీరే మళ్ళీ చదవండి.

పాత జట్టు:
ఇంతసేపూ భద్రత అన్నారు. మీ భయం కార్డు పోతుందని కాదు, మనిషి పోతాడని. నా ఆరేళ్ళూ ఈ మాట కింద నలిగాయి.

లారీ యజమాని:
అవును, భయమే. ఎందుకో కూడా వినండి. ఒక నెలాఖరున ఎనిమిది మంది జట్టు అడ్వాన్సు తీసుకుని సగం సామాను ఎక్కించి వెళ్ళిపోయింది. వర్షంలో ఒక కుటుంబం సామాను రోడ్డు మీద. ముసలాయన మంచం తడిసిపోయింది. రెట్టింపు కూలి ఇచ్చి వేరేవారిని తెచ్చాను. తడిసిన వస్తువులకు పరిహారం కట్టాను. ఆ జట్టును ఎవరూ ఏమీ అనలేదు. నా నష్టం ఎవరు భరించాలి? ఇది చెప్పకుండా స్వేచ్ఛ, స్వేచ్ఛ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

గోదాము లెక్కలు:
ఇంత తగాదా అవుతుందనుకోలేదు. కానీ నేను అడగవలసిన ప్రశ్న ఇప్పుడే అర్థమైంది. అడ్వాన్సు తప్పా కాదా అన్నది పక్కన పెడదాం. బాకీ ఉన్న మనిషికి పని మానే హక్కు ఉందా?

నిబంధన:
ఉంది. ఐక్యరాజ్యసమితి 1956 అనుబంధ ఒడంబడిక అడ్వాన్సును నేరం అనలేదు. అప్పుకు పూచీగా శ్రమను తాకట్టు పెట్టించి, ఆ శ్రమకు న్యాయమైన విలువ కట్టి బాకీలో జమ చేయకపోతే, లేదా ఏ పనో ఎంతకాలమో ముందే తేల్చకపోతే, దాన్ని రుణదాస్యం అంది. పుస్తకం చూపించని మీ మేస్త్రీలందరూ ఇక్కడే దొరికిపోతారు. లారీ యజమాని గారి నష్టం నిజమే. బాకీని బాకీలాగానే వసూలు చేసుకోవాలి. నోటీసు ఇవ్వండి, కోర్టుకు వెళ్ళండి. మనిషిని జప్తు చేయకూడదు.

లారీ యజమాని:
కూలీ మీద కోర్టుకు వెళ్ళి నేను ఏ కాలానికి గెలుస్తాను? తక్కువ ధర చెప్పినవాడికే పని ఇస్తారు. ఆ ధరలో ఈ నష్టానికి చోటు లేదు. లెక్కలాయనను అడుగుతున్నాను, ప్రశ్నపత్రం పంపిన ఆ పెద్ద కంపెనీ రేటు పెంచిందా?

గోదాము లెక్కలు:
లేదు. నిరుడు తగ్గించింది.

సరఫరా గొలుసు:
ఆ మాటా రాయండి. ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా ఆ 2015 చట్టం ఒప్పుకుంటుంది. అటువంటి చట్టం అడిగిందని అందమైన వాక్యాలు రాసి పంపితే ఎవరికీ ఏమీ మారదు.

పాత జట్టు:
రేటు గురించి లారీ యజమాని గారితో నేనూ ఏకీభవిస్తాను. అయితే రేటు పెరిగేదాకా కార్డు బీరువాలో ఉండాలా?

గోదాము లెక్కలు:
ఈ రాత్రి ముసాయిదా మార్చాను. కార్డులు ఎవరివి వారి దగ్గరే. కూలి మేస్త్రీ చేతికి కాకుండా నేరుగా కూలీ ఖాతాకు. అడ్వాన్సు ఎంత, ఎన్ని వాయిదాలు, ఇంకా ఎంత మిగిలిందో చదవగలిగిన భాషలో ఒక కాగితం అతని దగ్గర ఉండాలి. పగిలిన సామాను నష్టం అందులో కలపకూడదు, దానికి బీమా ఉంది. బాకీ ఉన్నా వెళ్ళిపోవచ్చు, అప్పటిదాకా చేసిన పనికి కూలి ఆపకూడదు. పని పెరిగినప్పుడు వేరే సంస్థ నుంచి తెచ్చే జట్టుకూ ఇవే నియమాలు. చివర్లో తగ్గించిన రేటు గురించి కూడా రాశాను. మా యజమాని ఆ పేరా కొట్టేస్తారేమో.

పాత జట్టు:
బాకీ ఉన్నా వెళ్ళవచ్చన్న వాక్యం కూలీలకు ఎవరు చదివి వినిపిస్తారు? మేస్త్రీయేనా?

గోదాము లెక్కలు:
అది ఆలోచించలేదు. నేనే గోదాముకు వెళ్ళి చదువుతాను. మేస్త్రీ లేని సమయంలో.

లారీ యజమాని:
అడ్వాన్సు విషయంలో నా మాట మారదు. ఇకపై ఒక నెల కూలికి మించి ఇవ్వను, అంతే. కార్డులు పదకొండు ఉన్నాయి నా దగ్గర. రేపు ఉదయం ఎవరివి వారికి ఇచ్చేస్తాను. ఎంతమంది మిగులుతారో ఇక్కడే వచ్చి రాస్తాను.