చూస్తూ నిలబడ్డవాడు చంపినట్టేనా? (బ్రేకింగ్ బ్యాడ్‌లో జేన్ చావు)

ఏడురోడ్ల కూడలి (కడప):
నిన్న రూమ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది, ఎంతకీ తేలలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. బ్రేకింగ్ బ్యాడ్ ఒక అమెరికన్ టీవీ సీరియల్, చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా: వాల్టర్ వైట్ కెమిస్ట్రీ టీచరు. క్యాన్సర్ అని తెలిశాక ఇంటివాళ్లకు డబ్బు మిగల్చాలని, పాత శిష్యుడు జెస్సీని తోడు తీసుకుని మత్తుమందు తయారు చేస్తుంటాడు. రెండో సీజన్లో జెస్సీ ప్రేమించిన జేన్, జెస్సీకి రావాల్సిన డబ్బు వాటా ఇవ్వకపోతే నీ గుట్టు బయటపెడతానని వాల్టర్‌ను బెదిరిస్తుంది. ఒక రాత్రి అతను వెళ్లేసరికి ఇద్దరూ హెరాయిన్ మత్తులో పడి ఉంటారు. జెస్సీని లేపాలని కుదుపుతుంటే పక్కనున్న జేన్ వెల్లకిలా తిరుగుతుంది, వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. వాల్టర్ గబగబా దగ్గరికి వెళ్లి, ఆగిపోయి, ఏడుస్తూ చూస్తాడు. ఆమె చచ్చిపోతుంది.
నేననేది, అతను చంపలేదు. సూది ఎక్కించుకున్నది ఆమె. పిరికివాడు, స్వార్థపరుడు అనండి, ఒప్పుకుంటా. హంతకుడు అంటే మాత్రం ఒప్పుకోను.

నల్లకోటు (అనంతపురం):
చట్టం మాటకొస్తే నీ వైపే కొంత బలం ఉంది తమ్ముడూ. చేయాల్సింది చేయకుండా వదిలేయడం కూడా నేరమే కావచ్చని ఐపీసీ 32వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది. కానీ ఆ వదిలేయడం చట్టవిరుద్ధమై ఉండాలి. జైలరు ఖైదీని చంపాలనే ఉద్దేశంతో తిండి పెట్టకపోతే అది నేరమని 37వ సెక్షన్ ఉదాహరణలోనే రాశారు, ఎందుకంటే తిండి పెట్టడం అతని బాధ్యత. కేసీ కాలువలో ఎవరో మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి చూసిన పరాయివాడికి మన చట్టం అలాంటి బాధ్యత పెట్టలేదు. కథ జరిగేది అమెరికాలో, అక్కడ కూడా చాలా రాష్ట్రాల్లో దాదాపు ఇదే పద్ధతి.
కానీ ఒక మెలిక ఉంది. ఆమె వెల్లకిలా తిరిగింది అతని కుదుపుకే. అపాయం అతని చేతి మీదుగానే వచ్చింది కదా, ఇంకా పరాయివాడే అందామా?

రాత్రి డ్యూటీ (కర్నూలు):
నేను క్యాజువాలిటీలో నర్సుని. తాగి పడిపోయినవాళ్లను ఆటోలో వెల్లకిలా పడుకోబెట్టి తెస్తుంటారు, తెచ్చినవాళ్లకు తెలియక. గొంతులో గురగురమని చప్పుడు వస్తుంటుంది, పెదవులు నీలం తిరుగుతుంటాయి. మేం ముందు చేసేది ఒకటే, భుజం, నడుం పట్టి పక్కకు తిప్పేస్తాం. నోట్లోది బయటికి కారుతుంది, తర్వాత సక్షన్ గొట్టం పెట్టి మిగిలింది లాగేస్తాం. ఆ తిప్పడానికి బలం అక్కర్లేదు, మందు అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు.
వాల్టర్‌కు అది తెలుసు. అదే ఎపిసోడ్‌లో తన పసిబిడ్డను, కక్కుకుంటే గొంతుకు అడ్డం పడకూడదని పక్కకు తిప్పి పడుకోబెడతాడు. బిడ్డకు చేసిన పనే ఈ పిల్లకు చేయలేదు. నాకైతే ఇందులో రెండో మాటే లేదు, చంపాడు.

ఏడురోడ్ల కూడలి:
అక్కా, తెలిసీ చేయకపోతే చంపినట్టేనంటే మనలో ఎవరు మిగులుతారు? వైద్యానికి డబ్బులేక పోతున్న పిల్లల ఫొటోలు ఫోన్‌లో రోజూ కనిపిస్తాయి. పైకి తోసేసి టీ తాగుతాం. మనమందరం హంతకులమేనా?

తెలుగు మాస్టారు (ప్రొద్దుటూరు):
బాబూ, మంచి ప్రశ్న వేశావు. జేమ్స్ రేచల్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1975లో ఒక వైద్య పత్రికలో రాసిన ఉదాహరణ ఇక్కడికి సరిపోతుంది. ఇద్దరు మనుషులు, ఇద్దరికీ ఆస్తి కోసం చిన్నపిల్లవాడు చావాలి. ఒకడు స్నానాల తొట్టిలో పిల్లవాణ్ణి ముంచేస్తాడు. రెండోవాడు ముంచాలనే వెళ్తాడు, కానీ అప్పుడే పిల్లవాడు జారి, తలకు దెబ్బ తగిలి మునిగిపోతుంటే చూస్తూ నిలబడతాడు. రెండోవాడు మెరుగని ఎవరైనా అనగలరా?
ఫోన్‌లో ఫొటో తోసేసినవాడు ఆ బిడ్డ చావాలని కోరుకోలేదు. వాల్టర్‌కు జేన్ చావు కలిసొచ్చింది, పైగా ఆమె ప్రాణం అతని చేతికందేంత దూరంలో ఉంది. రాయబారంలో కృష్ణుడి చేత తిక్కన అనిపించింది కూడా అదే, ధర్మం చెడిపోతుంటే "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అని. ద్రౌపదిని అవమానించిన నాటి సభలో భీష్ముడూ ద్రోణుడూ చీర లాగలేదు, కూర్చుని చూశారు. వాళ్లను మనం ఇన్ని తరాలుగా నిలదీస్తూనే ఉన్నాం కదా.

నల్లకోటు:
మాస్టారూ, నిలదీయడం వేరు, శిక్ష వేయడం వేరు. రేచల్స్ ఆ ఉదాహరణ రాసింది కారుణ్య మరణం గురించి. చంపడానికీ చావనివ్వడానికీ తేడా లేదని మనం ఒప్పుకుంటే, 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఏమవుతుంది? కోలుకునే ఆశ లేని మనిషికి వెంటిలేటర్ తీసేయొచ్చు, సూదిమందు ఇచ్చి చంపకూడదు అని కోర్టు గీసిన గీత ఈ తేడా మీదే నిలబడింది. టీవీలో ఒక్క దుర్మార్గుణ్ణి పట్టుకోవడానికి ఆ గీత చెరిపేస్తే, రేపు ఐసీయూ బయట సంతకం పెట్టిన కొడుకును కూడా హంతకుడు అనాల్సి వస్తుంది. అది నాకు భయం.

రాత్రి డ్యూటీ:
అలాంటి కొడుకుల్ని చూశాను. పెన్ను పట్టుకుని కదలలేక, డాక్టర్‌ను అడిగిందే మళ్లీ అడుగుతారు, "ఏమైనా ఆశ ఉందా సార్" అని. వాళ్లు ఆలోచించేది ఆ తల్లి ఇంకెంత బాధపడాలి అని. ఆ సంతకాన్నీ వాల్టర్ నిలబడటాన్నీ ఒక గాటన కట్టకండి. జేన్‌ది తీరని జబ్బు కాదు, పక్కకు తిప్పితే బతికేది.

ఏడురోడ్ల కూడలి:
అక్కా, ఆ తేడా ఒప్పుకుంటా. అయితే మీరూ మాస్టారూ చెప్పేదాన్ని బట్టి చూస్తే అతను చేసినదాని కన్నా కోరుకున్నది ముఖ్యం అవుతోంది. మనసులో కోరికకు శిక్ష వేయగలమా? అయిదో సీజన్లో అతనే జెస్సీ ముఖం మీద చెప్తాడు, జేన్ చావడం చూశాను, కాపాడగలిగి కూడా కాపాడలేదు అని. అది తప్పు ఒప్పుకోవడం కాదు, జెస్సీని ఇంకా నలిపేయాలని అన్న మాట. నాకు జేన్ చావు కన్నా ఆ మాటే ఎక్కువ ఘోరం అనిపించింది, మరి ఆ మాటకు ఏ సెక్షన్ ఉంది అన్నా?

నల్లకోటు:
సెక్షన్ లేదు. కానీ కోర్టులో ఆ మాట సాక్ష్యంగా చదివితే, పరాయివాడు అన్న వాదన నేను కూడా నిలబెట్టలేను.