‘ఎవ్వం డేకాకృతి’యా, ‘ఎవ్వడు నేకాకృతి’యా? లోక్‌పాల్ పాఠం రాస్తుంటే పట్టుకున్న సందేహం

చదువరి: గ్రూప్స్ రాసే పిల్లల కోసం, పదవుల్లో ఉన్నవాళ్ల మీద అవినీతి ఫిర్యాదులు చూసే లోక్‌పాల్ నియామకాల మీద పాఠం రాస్తున్నాను. ఎంపిక సంఘంలో ఎవరెవరుంటారో రాస్తున్నా: ప్రధాని, లోక్‌సభ స్పీకరు, ప్రతిపక్ష నాయకుడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన పంపిన న్యాయమూర్తి, ఈ నలుగురూ సిఫారసు చేసిన న్యాయకోవిదుడొకరు. సరిగ్గా అక్కడ మా అమ్మమ్మ పాడే పద్యం, పోతన భాగవతం గజేంద్రమోక్షంలోది, నాలుక మీదికొచ్చి కూర్చుంది. సాయంత్రం లాంతరు చిమ్నీలో గుడ్డ దూర్చి తిప్పుతూ “లోకంబులు లోకేశులు” అని ఎత్తుకునేది. “పెంజీకటి” దగ్గరికి వచ్చేసరికి చిమ్నీ ఎత్తి మసి పోయిందో లేదో చూసేది. ఆవిడ నోట విన్నది “ఎవ్వడు నేకాకృతి”. నా దగ్గరున్న అచ్చుప్రతిలో “ఎవ్వం డేకాకృతి”: “లోకంబులు లోకేశులు / లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం / జీఁకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్”. ఏది సరి? ఇంకోటి, లోకేశులంటే లోకపాలకులే కదా, పాఠంలో లోక్‌పాల్‌ని “లోకపాలుడు” అనొచ్చా?

అరసున్న: డే. ఇందులో రెండో మాట లేదండీ. ‘ఎవ్వఁడు’ కళ, అంటే చివర ద్రుతం (నకారం) లేని మాట. అలాంటి మాట తరవాత నకారం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉత్తుకి అచ్చు పరమైతే సంధి నిత్యం. ఎవ్వండు + ఏకాకృతి, ఎవ్వండేకాకృతి. అంతే.

కందపద్యం: వ్యాకరణం మీ పక్షానే ఉంది గానీ ఛందస్సు మాత్రం ఇద్దరినీ రానిస్తోంది. “నెవ్వం” రెండు గురువులు, “నెవ్వడు” భగణం, ఒక గురువు రెండు లఘువులు. రెండూ నాలుగు మాత్రలే. ప్రాస కకారం ఎలాగూ చెడదు. యతి చూడండి, నాలుగో పాదం తొలి అచ్చు ఏ, “నే సేవింతున్”లో అచ్చు కూడా ఏ (అతనిన్ + ఏ). అమ్మమ్మగారి పాఠంలో నే–నే అని హల్లుతో సహా కుదిరిపోయింది. పాడేవాళ్ల చెవి అటు జారడానికి కారణం అదేనని నా నమ్మకం.

గోదారొడ్డు: జారడమెందుకండీ, తెలిసే అని ఉండొచ్చుగా. నేకాకృతి అంటే న + ఏక, ఒక్కటి కాని ఆకృతి. మా నాన్నగారు ఇలాగే అర్థం చెప్పేవారు. తర్వాతి పద్యమే సాక్ష్యం: “నర్తకుని భంగిఁ బెక్కగు మూర్తులతో నెవ్వఁడాడు”. పెక్కు మూర్తులని పోతన్నగారే అన్నారు.

అరసున్న: న + ఏక అయితే వృద్ధి వచ్చి ‘నైక’ కావాలి. విష్ణు సహస్రనామంలో రోజూ చదివేదే, “ఏకో నైకః”. నేక అని సంస్కృతంలో ఎక్కడుంది? పైగా లోకాలు తెగిపోయి, ఏలేవాళ్లు తెగిపోయి, జనం తెగిపోయి, మిగిలిన చీకటికి అవతల వెలిగేవాడు ఒక్కడుగా ఉంటేనే కదా పద్యానికి బలం! తర్వాతి పద్యంలో ‘పెక్కు’ అంటాడు కాబట్టే ఇక్కడ ‘ఏక’ అని తీరాలి. ఒక్కడే వెలిగి, ఆ తర్వాత నర్తకుడిలా పెక్కై ఆడతాడు. ఆ వరస చెడగొట్టకండి.

వరంగల్లువాడు: ‘డే’, ‘నే’ల కంటే ‘లోకేశులు’లో ఉంది అసలు సంగతి. వ్యాసుల మూలం తీయండి, అష్టమ స్కంధం: “లోకేషు పాలేషు చ సర్వహేతుషు”. లోకాలూ, పాలురూ, సమస్త హేతువులూ లయమైనప్పుడు అని. అంటే లోక, పాల అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. పోతన ‘పాలేషు’ని ‘లోకేశులు’ చేశాడు. ఎందుకంటారా? పక్కనున్న సప్తమీ బహువచనం ‘లోకేషు’ చెవిలో మోగుతూ ఉంది. షు కాస్తా శు అయింది, విభక్తి కాస్తా ఈశ్వరుడైంది. ఇది నేను ఇరవయ్యేళ్లుగా చెబుతున్న మాట, ఒప్పుకున్నవాళ్లు తక్కువే. అయినా ఒక్క అక్షరం తేడాతో మూలం ధ్వనినీ అర్థాన్నీ కలిపి పట్టిన అనువాదం ఇంకోటి చూపించండి!

కందపద్యం: ‘లోక’ రెండు పాదాల మీద పరచాలనుకున్నాక లోకేశులు తప్ప ఏమొస్తుందండీ? లోకంబులు, లోకేశులు, లోకస్థులు, అలోకంబు. ఇది వృత్త్యనుప్రాస. షు వినపడి ఉండాల్సిన అవసరం లేదు.

వరంగల్లువాడు: అవసరం లేదన్నారు సరే, వినపడలేదని ఎలా అంటారు?

పాత పంతులు: అమ్మా చదువరీ, మీ రెండో ప్రశ్న అందరూ వదిలేశారు. లోకపాలుడు అని రాయకండి. 2013 చట్టంలో లోక్‌పాల్ ఒక మనిషి కాదు, సంస్థ. ఒక అధ్యక్షుడు, ఎనిమిది మందికి మించని సభ్యులు. సభ్యుల్లో సగం మంది న్యాయరంగం వాళ్లు. సగానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, మైనారిటీలు, స్త్రీలు ఉండాలి. 2019 తొలి జట్టులోనే జస్టిస్ అభిలాషా కుమారి, అర్చనా రామసుందరం ఉన్నారు. మగవాళ్లకి చేరే ‘డు’ ప్రత్యయం తగిలిస్తే వాళ్లెక్కడికి పోతారు? ‘లోక్‌పాల్‌గా నియమితులయ్యారు’ అనే వార్తల వాక్యం కూడా నాకు రుచించదు. ‘లోక్‌పాల్ అధ్యక్షులుగా’ అనాలి. ఆ పేరు పెట్టింది పార్లమెంటు సభ్యుడు ఎల్.ఎం. సింఘ్వీ, 1963లో. ఆయన హిందీ నోట పుట్టింది కనక పొల్లుతోనే ఉండనివ్వండి.

గోదారొడ్డు: ఎనిమిది మంది అంటే అచ్చం దిక్పాలకుల లెక్కే! ఇంద్రుడు, అగ్ని, యముడు, నిరృతి, వరుణుడు, వాయువు, కుబేరుడు, ఈశానుడు. చట్టం రాసినవాళ్లకి తోచిందో లేదో గానీ నాకు చాలా నచ్చింది.

పాత పంతులు: దిక్పాలకుల పీఠాలు ఖాళీగా ఉండవు నాయనా, ఇవి ఏళ్ల తరబడి ఉండిపోయాయి. నా బాధంతా అదే. చట్టం 2014 జనవరి 16న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఎన్నికలయ్యాక లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేడు. సంఘంలో ఒక కుర్చీ ఖాళీ అని నియామకం ఆగింది. ఖాళీ ఉన్నంత మాత్రాన నియామకం చెల్లకపోదని చట్టమే చెబుతోంది, ఆపనక్కర్లేదని 2017 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అంది. అయినా జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ వచ్చేసరికి 2019 మార్చి. మన హైదరాబాదులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన ఆయనే. 2022 మేలో ఆయన దిగాక జస్టిస్ ఖాన్విల్కర్ 2024 మార్చిలో ప్రమాణం చేసేదాకా పూర్తికాలపు అధ్యక్షుడు లేడు. పాఠంలో ఈ తేదీలు తప్పకుండా పెట్టండమ్మా. పిల్లలకి సంఘం సభ్యుల పేర్లు నోటికొస్తే చాలదు, కుర్చీ ఎన్నాళ్లు ఖాళీగా ఉందో తెలియాలి.

చదువరి: పెడతానండీ. అధ్యక్షుడి అర్హతల దగ్గర ‘మచ్చలేని నిజాయితీ’ అని రాశాను. సరిపోతుందా?

అరసున్న: నిజాయితీ మనిషిలో ఉండేది. 2011 మార్చి 3న కేంద్ర విజిలెన్స్ కమిషనరుగా పి.జె. థామస్ నియామకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు చూసింది ఆయన వ్యక్తిగత నిజాయితీని కాదు, సంస్థ నిజాయితీని. కేరళ పామోలిన్ దిగుమతుల కేసు ఆయన మీద పెండింగులో ఉన్న సంగతిని ఎంపిక సంఘం లెక్కలోకి తీసుకోలేదని తప్పుపట్టింది. ముగ్గురి సంఘంలో సుష్మా స్వరాజ్ అసమ్మతి రాశారు, మిగతా ఇద్దరి మాట చెల్లింది. మనిషికీ పీఠానికీ రెంటికీ పట్టే మాట కావాలి. ‘శుచి’ అనండి. కౌటిల్యుడు మంత్రుల్ని ధర్మ, అర్థ, కామ, భయాలతో పరీక్షించి తేల్చుకొమ్మన్నాడు, ఆ పరీక్షలే ఉపధలు. ‘ఉపధాశుద్ధి’ అంటే ఇంకా బాగుంటుంది.

వరంగల్లువాడు: గ్రూప్స్ పిల్లలకి ఉపధాశుద్ధా మాస్టారూ! మా బమ్మెర మాట చాలదా? “సొమ్ములు కొన్ని పుచ్చుకొని”. పుచ్చుకోవడం అంటే ఇవాళ ఏ ఆఫీసు వరండాలో నిలబడినా అర్థమవుతుంది. నేను ఒక ధ్రువపత్రం కోసం ఎండలో నించుంటే లోపలున్నాయన “ఏమైనా పుచ్చుకునే అలవాటు ఉందిలెండి ఇక్కడ” అన్నాడు, అదే క్రియతో. పోతన రాజుల దగ్గర పుచ్చుకోనన్నాడు. అందుకే “సమ్మతి శ్రీహరికిచ్చి” అనగలిగాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

కందపద్యం: అదే పద్యంలో “సమ్మెట పోటులం” అంటారా, “వ్రేటులం” అంటారా?

వరంగల్లువాడు: మా ఇంట్లో వ్రేటులే. సమ్మెట పొడవదు కదా, కొడుతుంది.

చదువరి: ‘మచ్చలేని నిజాయితీ’ ఉంచి, పక్కన సంస్థ సంగతి ఒక వాక్యం చేర్చాను. ‘లోక్‌పాల్ అధ్యక్షులు’ అని మార్చాను. ఇందాక పిన్నికి ఫోన్ చేశాను, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది ఆవిడొక్కతే మిగిలింది. పాడమంటే పాడింది. “కవ్వల నెవ్వం” దగ్గర ఊపిరి తీసుకుంది. డే అంటుందనే అనుకున్నాను. “డూ...” అని దీర్ఘం తీసి “నేకాకృతి” అంది.

అరసున్న: ఊపిరి ‘వ్వం’ దగ్గర తీసుకున్నారా? చూశారా, పాదం అక్కడే విరిగింది. ఆవిడ నోట్లో కూడా అసలు పాఠం డేనే.

గోదారొడ్డు: పిన్నిగారు డూ అని సాగదీశాక నే అన్నారని కూడా చదువరిగారు రాశారండీ. చదువరిగారూ, పిన్నిగారితో నర్తకుని భంగి పద్యం కూడా పాడించండి. “నెవ్వఁడాడు” దగ్గర నకారం వస్తుందో లేదో వినాలి.