ఫిబ్రవరిలో బెన్ నెవిస్: మైక్రోస్పైక్స్ చాలా? అవలాంచ్ రిపోర్ట్‌లో "కన్సిడరబుల్" అంటే మానుకోవాలా?

గ్లాస్గో_గోదారి

అందరికీ నమస్తే. గ్లాస్గో నుంచి నలుగురం ఫిబ్రవరి మధ్యలో ఒక శనివారం స్కాట్లాండ్‌లోకెల్లా ఎత్తైన కొండ బెన్ నెవిస్ ఎక్కాలనుకుంటున్నాం. గ్లెన్ నెవిస్ వైపు నుంచి వెళ్ళే మామూలు దారే, మౌంటెన్ ట్రాక్. వేసవిలో అందరం ఎక్కిందే, మంచులో మాత్రం ఎవరికీ అలవాటు లేదు. మూడు డౌట్లు:

1. ట్రెక్కింగ్ షూస్‌కి మైక్రోస్పైక్స్ తగిలించి, చేతిలో రెండు పోల్స్ ఉంటే సరిపోతుందా?
2. ఎస్‌ఏఐఎస్ (వాలు మీది మంచు విరిగిపడే ప్రమాదం, అంటే అవలాంచ్ గురించి చెప్పే స్కాట్లాండ్ సంస్థ) రిపోర్ట్‌లో చక్రం సగం పసుపు, సగం ఆరెంజ్ (అదే "కన్సిడరబుల్", చెప్పుకోదగ్గ ప్రమాదం) ఉంటే వెళ్ళొచ్చా, మానుకోవాలా?
3. పైన మబ్బు పడితే ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా, ఇంకేం కావాలి?

మంచుగొడ్డలి

మొదటిదానికి జవాబు: చాలదు. మైక్రోస్పైక్ పన్ను సెంటీమీటరు పొడవు ఉంటుందేమో. రబ్బరు పట్టీతో షూకి అంటుకుని ఉంటుంది, ముందువైపు పళ్ళు ఉండవు. అడవి దారిలో, చదునైన ఐస్ మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గట్టిపడ్డ వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు మాత్రం రబ్బరు సాగి, షూ పక్కకి జరిగి, పళ్ళు గాల్లో ఉంటాయి.

స్కాట్లాండ్ మంచుతో చిక్కు ఏమిటంటే, అది కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది, ఇలా వారంలో రెండుమూడు సార్లు జరగొచ్చు. ఆ దెబ్బకి పైపొర నెవే అవుతుంది, బూటుతో తన్నినా గీత పడనంత గట్టిగా. దాని మీద జారితే మొదటి ఒకటి రెండు సెకన్లలోనే ఆపుకోవాలి, తర్వాత వేగం చేతికి చిక్కదు. పోల్స్ అక్కడ ఎందుకూ పనికిరావు.

కావలసినవి ఇవి. అడుగు గట్టిగా ఉండే బూట్లు, కనీసం బీ1 రకం. వాటికి సీ1 రకం క్రాంపాన్లు (బూటు కింద బిగించే లోహపు పళ్ళ చట్రాలు), 10 లేదా 12 పళ్ళవి, కింద మంచు ముద్దకట్టకుండా ప్లేట్లు ఉన్నవి. బీ1 బూటుకి సీ2 బిగిస్తే బూటు వంగినప్పుడల్లా మడమ దగ్గర క్లిప్ ఊడిపోతుంది, అద్దెకు తీసుకునేటప్పుడు ఇది చూసుకోండి. 50–60 సెంటీమీటర్ల తిన్నని ఐస్ యాక్స్, మనిషికొకటి. ఫోర్ట్ విలియంలో, ఏవీమోర్‌లో ఇవన్నీ అద్దెకు దొరుకుతాయి.

క్రాంపాన్లు ఇంట్లోనే ఒకసారి గ్లవ్స్ వేసుకుని బిగించి చూడండి. వాలు మొదలవకముందే, చదునుగా ఉన్నచోట తొడుక్కోండి. జారుడు మొదలయ్యాక వాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి పట్టీలు సర్దుకోవడమే చాలా ప్రమాదాలకి మొదలు.

యాక్స్ ఎప్పుడూ కొండ వైపు చేతిలో, పిక్ (తల మీది కొక్కెంలాంటి మొన) వెనక్కి తిరిగి ఉండాలి. జారితే యాక్స్ తల భుజం కింద, కర్ర ఛాతీకి ఏటవాలుగా, రెండో చెయ్యి కింది మొన మీద. బోర్లా తిరిగి ఒంటి బరువంతా పిక్ మీద వెయ్యాలి. క్రాంపాన్లు ఉంటే పాదాలు పైకెత్తి ఉంచండి, పళ్ళు మంచులో గుచ్చుకుంటే మనిషి పల్టీ కొడతాడు. ఇది చదివి వచ్చేది కాదు. కింద రాళ్ళు లేని, మెల్లగా చదునయ్యే వాలు చూసుకుని, క్రాంపాన్లు తీసేసి, నలుగురూ రెండు గంటలు సాధన చెయ్యండి.

ఈశాన్య_వాలు

రెండోదానికి. ఆ చక్రం ట్రాఫిక్ సిగ్నల్ కాదండీ. ఏ దిక్కుకి ముఖం పెట్టిన వాలు, ఎంత ఎత్తులో, ఎంత ప్రమాదం అన్నది చెప్పే పటం. మీరు చూడాల్సింది "ఆరెంజ్ ఉందా" అని కాదు, "మా దారి ఆరెంజ్ మీదుగా పోతుందా" అని.

ఇక్కడ మంచు ఎక్కడ పేరుకుంటుందో తేల్చేది గాలి. నైరుతి గాలి వీస్తే మంచంతా ఈశాన్యపు వాలుల మీదికి చేరుతుంది. అలా గాలి దిమ్మిసగొట్టిన పొరే విండ్ స్లాబ్. మామిడి తాండ్ర తెలుసుగా, కింది పొర ఆరకుండా పై పొర పోస్తే ఏమవుతుందో ఇదీ అంతే: పైది కిందదానికి అంటుకోదు, పలకగా ఊడొస్తుంది. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. సుద్దలా మెరుపు లేకుండా ఉండటం, అడుగు వేస్తే కీచుమనడం, బూటు ముందు నుంచి పగుళ్ళు పాకడం, కాలి కింద "వుంఫ్" అని కూలిన చప్పుడు: వీటిలో ఏది కనపడినా, వినపడినా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావడమే.

మౌంటెన్ ట్రాక్ పైభాగంలోని జిగ్‌జాగ్‌లు (మెలికల దారి) దాదాపు పడమటి ముఖంగా ఉంటాయి. అందుకే మామూలు పడమటి, నైరుతి గాలుల తర్వాత అక్కడ మంచు ఊడ్చుకుపోయి గట్టిగా ఉండటమే ఎక్కువ, భయం జారుడు గురించే. గాలి రెండుమూడు రోజులు తూర్పు నుంచి వీచిందంటే లెక్క తిరగబడుతుంది, మీ దారి మీదే స్లాబ్ కడుతుంది. కాబట్టి శుక్రవారం సాయంత్రం వచ్చే ఒక్క రిపోర్ట్ చూసి ఊరుకోకుండా మంగళవారం నుంచీ లోకాబర్ (బెన్ నెవిస్ ఉన్న ప్రాంతం) రిపోర్ట్‌లు వరసగా చదవండి. రెడ్ బర్న్ అనే వాగు కూడా గుర్తుపెట్టుకోండి. లోయలో పక్కగాలికి మంచు చేరుతుంది, దిగేటప్పుడు కూర్చుని జారిపోదాం అనిపించేలా ఉంటుంది. క్రాంపాన్లతో మాత్రం అస్సలు జారొద్దు, ఒక పన్ను తగులుకుంటే చీలమండ విరుగుతుంది.

ఎండ, వాన, హఠాత్తుగా పెరిగిన వేడి కూడా ప్రమాదమే. కార్నిస్‌లు (అంచు దాటి గాల్లోకి వేలాడే మంచు చూరులు) విరిగిపడేది అప్పుడే.

రెండో_బేరింగ్

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చివర పెట్టారు. బెన్ నెవిస్ శిఖరం మీద దారి తప్పడానికి తీరిక కూడా ఉండదు. ఉత్తరాన గార్డీలూ గల్లీ (గల్లీ అంటే ఇక్కడ నిటారైన కొండ చీలిక) నోరు దారికి కొద్ది అడుగుల దూరంలో ఉంటుంది, దాని అంచున కార్నిస్. అది తప్పించుకుందామని బాగా ఎడమకి లాగితే ఫైవ్ ఫింగర్ గల్లీ. పైన నేలా ఆకాశమూ ఒకే తెలుపైతే మీ బూటు ముందు అంచు ఉందో లేదో కంటికి తెలియదు.

శిఖరం మీద ట్రిగ్ పాయింట్ (సర్వే స్తంభం) నుంచి గ్రిడ్ బేరింగ్ (మ్యాప్ గీతల ఉత్తరం నుంచి కొలిచే దిశ) 231 డిగ్రీలు, సరిగ్గా 150 మీటర్లు. అక్కడి నుంచి 282 డిగ్రీలు, పీఠభూమి దాటి జిగ్‌జాగ్‌ల వరకూ. ఈ రెండూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పాత గైడ్లలో "అయస్కాంత తేడాకి ఇన్ని డిగ్రీలు కలపండి" అని ఉంటుంది, అవి నమ్మొద్దు. ఇప్పుడక్కడ తేడా దాదాపు సున్నా, కొత్త మ్యాప్ అంచున చూసుకోండి.

150 మీటర్లు ఎలా తెలుస్తుంది? అడుగులు లెక్కపెట్టి. చదును నేల మీద 100 మీటర్లకి చాలామందికి 60–70 జంట అడుగులు పడతాయి, లోతు మంచులో ఇంకా ఎక్కువ. ముందే కొలుచుకోండి. పెద్ద రాళ్ళగుట్టలు దారి చూపిస్తాయి గానీ ఒకటి నుంచి ఇంకోటి కనపడని రోజులుంటాయి.

జీపీఎస్ వద్దనడం లేదు. చలికి బ్యాటరీ పడిపోతుంది, తడి గ్లవ్‌కి స్క్రీన్ పలకదు. ఇంకో సంగతి, ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే దిక్సూచిని ఆ జేబుకి దూరంగా ఉంచండి.

గ్లాస్గో_గోదారి

చాలా థ్యాంక్స్ అందరికీ. ఇది విన్నాక నెవిస్ ఈసారికి పక్కన పెడదామనిపిస్తోంది. మొదటి మంచుకొండగా ఏది బాగుంటుంది?

మంచుగొడ్డలి

నెవిస్ లెక్క ఒకసారి చూడండి: దాదాపు సముద్రమట్టం నుంచి 1345 మీటర్లు. ఫిబ్రవరి మధ్యలో పగలు సుమారు తొమ్మిదిన్నర గంటలు, వేసవిలోనే రానుపోను ఏడెనిమిది గంటలు పడుతుంది.

ఏవీమోర్ దగ్గరి కెయిర్న్ గార్మ్ 1245 మీటర్లు, కానీ కోర్ కాస్ (కోర్ అంటే గిన్నెలాంటి కొండలోయ) కార్ పార్కే 635 దగ్గర ఉంటుంది, ఎక్కేది 600 పైచిలుకు. ఫియాకల్ ఎ కోర్ కైస్ అనే రిడ్జ్ మీదుగా వెళ్ళండి. ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు కోర్ ఎన్ ట్నెక్తా అంచున కార్నిస్‌లు కడతాయి, దూరంగా నడవండి. దిగేటప్పుడు అడ్డదారని కోర్ కాస్ తలవాలు మీదికి పోవద్దు, స్లాబ్ చేరేది అక్కడే. వచ్చిన రిడ్జ్ మీదే దిగండి. రిపోర్ట్ నార్తర్న్ కెయిర్న్‌గార్మ్స్‌ది చూడాలి.

అసలు శత్రువు గాలి. ఎండబ్ల్యూఐఎస్ (కొండల వాతావరణం చెప్పే సంస్థ) ఫోర్‌కాస్ట్‌లో శిఖరం మీద గంటకి 40 మైళ్ళు దాటితే కొత్తవాళ్ళు మానుకోవడం మంచిది, 60 అంటే నిలబడటమే కష్టం. మైనస్ 3 డిగ్రీలకి 50 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి మైనస్ 14లా తగులుతుంది. జీన్స్, కాటన్ బనియన్లు వద్దు. గ్లవ్స్ మూడు జతలు, గాగుల్స్, హెడ్ టార్చ్, దానికి విడి బ్యాటరీలు, నలుగురూ దూరేంత గ్రూప్ షెల్టర్.

వీలైతే ముందురోజు వింటర్ మౌంటెన్ లీడర్ అర్హత ఉన్న గైడ్‌తో ఒక పూట గడపండి. ఏవీమోర్ దగ్గర గ్లెన్‌మోర్ లాడ్జ్‌లో వింటర్ స్కిల్స్ కోర్సులు కూడా ఉంటాయి.

ఈశాన్య_వాలు

ఒకటి కలుపుతాను. ఆపద వస్తే 999కి చేసి ముందు పోలీస్ అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే ఆలస్యమవుతుంది. కాల్ కలవని చోట ఎస్సెమ్మెస్ వెళ్ళొచ్చు, కానీ ముందే రిజిస్టర్ అయి ఉండాలి: ఇంగ్లిష్‌లో "రిజిస్టర్" అని 999కి మెసేజ్ పంపి, వచ్చిన జవాబుకి ఎస్ అనండి. ఇది నలుగురి ఫోన్లలోనూ బయల్దేరకముందే చెయ్యండి. విజిల్ అయితే నిమిషానికి ఆరుసార్లు, నిమిషం ఆగి మళ్ళీ ఆరు. రెస్క్యూకి డబ్బు తీసుకోరు, బిల్లు భయంతో ఫోన్ చెయ్యడం వాయిదా వెయ్యొద్దు.