చలి మొదలయ్యేలోపు అటక ఇన్సులేషన్: ఎవరి మాట వినాలి?

అందరికీ నమస్కారం. మేం మిషిగన్‌లో ఉంటాం. పోయిన ఏడాది 1958లో కట్టిన ఇల్లు కొన్నాం. మొదటి చలికాలమే చుక్కలు చూపించింది. హీటర్ ఆగకుండా నడుస్తున్నా పై గదిలో పాప చేతులు చల్లగానే ఉండేవి. జనవరిలో చూరుకు మూరెడు మంచు కడ్డీలు వేలాడాయి. పైకప్పు అంచున గడ్డకట్టిన మంచు వెనక నీళ్లు నిలిచి, లోపలికి దిగి, సీలింగ్ మీద పళ్లెమంత మరక పడింది.

మొన్న అటక ఎక్కి టేపుతో కొలిచాను. ఇన్సులేషన్‌గా, అంటే వేడి బయటికి పోకుండా, పరిచిన పాత ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) 4 అంగుళాలు కూడా లేదు. పైపుల పక్కన, లైట్ల చుట్టూ నల్లగా దుమ్ము పట్టి ఉంది. ఇంట్లో వెచ్చటి గాలి ఆ సందుల్లోంచే పైకి పోతున్నట్టుంది. బాత్రూమ్ ఫ్యాను గొట్టం కూడా బయటికి కాకుండా అటకలోకే వదిలేశారు!

ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయన ఉన్నదాని మీదే సెల్యులోజ్ (కాగితం పీచు) ఊది ఆర్-60 చేసేస్తానన్నారు (ఆర్ అంటే వేడిని ఎంత బాగా ఆపుతుందో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ మంచిది). ఇంకొకాయన ముందు సందులన్నీ ఫోమ్‌తో మూసి, గొట్టం బయటికి తిప్పి, ఆ తర్వాతే ఆర్-49 వరకు నింపుతానన్నారు. ఖర్చు దాదాపు రెట్టింపు. నాకు రెండో ఆయన చెప్పిందే సబబనిపిస్తోంది, కానీ డబ్బు విషయంలో టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి పాత ఇంట్లో పని చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. పాత ఫైబర్‌గ్లాస్ తీయించాలా, ఉంచొచ్చా? సందులు మూశాక గ్యాస్ ఫర్నేస్ పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో మళ్లీ టెస్ట్ చేయించారా? అక్టోబర్‌లోపు పూర్తి చేయాలంటే ఎప్పుడు బుక్ చేసుకోవాలి?