కొరికే పిల్లాణ్ణి తిరిగి కొరికితే బుద్ధొస్తుందా?

మియాపూర్ అమ్మ:
మా బాబుకి రెండున్నరేళ్లు. సాయంత్రం కింద పార్కులో వాడికి నచ్చిన బొమ్మ ఎవరైనా తీసుకుంటే ముందు తోస్తాడు, ఇవ్వకపోతే కొరుకుతాడు. మొన్న ఒక పాప చేతి మీద పంటిగాట్లు పడ్డాయి. "వాణ్ణీ ఒకసారి గట్టిగా కొరుకు, నొప్పంటే ఏంటో తెలుస్తుంది" అంటున్నారు మా అత్తయ్య. మా ఆయన చెయ్యెత్తడానికి వీల్లేదంటారు. ఒక దెబ్బ వేస్తే నిజంగా తప్పా? లేకపోతే కొన్నాళ్లు పిల్లల్లోకి పంపడం మానేయాలా?

తెనాలి అమ్మమ్మ:
తప్పేం లేదమ్మా. మా పెద్దవాడు చంటిదాన్ని కొరికేవాడు. మా అత్తగారు వాడి చెయ్యి వాడి నోట్లోనే పెట్టి కొరికించారు. అంతే, మళ్లీ కొరకలేదు. మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడు ముద్దు చేసి ఊరుకుంటే రేపు బళ్లోంచి రోజూ ఫిర్యాదులే.

అంగన్‌వాడీ టీచర్, నల్గొండ:
అమ్మమ్మగారూ, మీ అబ్బాయి మానేసిండు, కాదనను. గని ఆ వయసు దాటితే చానామంది వాళ్లంతట వాళ్లే మానేస్తరు. కెనడాల రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు పిల్లల్ని ఏండ్ల తరబడి గమనించి చెప్పిండు: కొట్టుడు, తోసుడు అందరికంటే ఎక్కువ కనపడేది రెండేండ్లకూ నాలుగేండ్లకూ మధ్యల. మాటలు, ఓపిక వస్తున్నకొద్దీ తగ్గుతది. మరి దెబ్బతోనే తగ్గిందని ఎట్ల అంటం?

మా సెంటర్‌కు మూడేండ్లు నిండినోళ్లు వస్తరు. వాళ్ల వెంబడి తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వస్తరు. నేను చూసిందేందంటే, కొరికే పిల్లగాడు చెప్పకుండ కొరకడు. ముందుగాల ఒళ్లు బిగుసుకుంటది, మూతి ముందుకొస్తది. అప్పుడు మనం చెయ్యందేంత దూరంల ఉంటే మధ్యల చెయ్యి అడ్డం పెట్టొచ్చు. "కొరకనియ్య" అని మెల్లగ, గట్టిగ ఒక్క మాట. లెక్చర్ ఇస్తే ఆ వయసుకు ఎక్కదు. కొరికినంక మొదలు దెబ్బ తిన్న పిల్లను ఎత్తుకోవాలె, తడిబట్ట పెట్టాలె. అందరం కొరికినోని చుట్టూ చేరి అరుస్తే, కొరికితే అందరూ నా దిక్కే చూస్తరని నేర్చుకుంటడు. తర్వాత వానికి మాట అందియ్యాలె: "నాకియ్యి", "నా వంతు". రెండేండ్ల పిల్లలకు పంచుకునుడు ఇంకా రాదు, అసొంటి బొమ్మలే రెండు పెడితే సగం కొట్లాటలు ఉండవు.

ఇంకోటి, టైం చూడండి. మా దగ్గర ఎక్కువ కొట్లాటలు అన్నం పెట్టే ముందటనే. ఆకలి, నిద్ర రెండూ కలిసినయంటే ఎంత మంచి పిల్లగాడైనా ఆగడు.

కొండాపూర్ నాన్న:
మా పాప కూడా ఇలాగే వేరే పిల్లాడితో కొరికించుకుంది. అందరూ కొరికినవాడి మనసు గురించే మాట్లాడుతున్నారు. మా పాప ఇప్పుడు జారుడుబల్ల దగ్గరికి కూడా వెళ్లనంటోంది. చర్మం తెగింది, సబ్బుతో కడిగి డాక్టర్‌కి చూపించాల్సి వచ్చింది. వాడి వయసు అలాంటిదంటే నేనూ ఒప్పుకుంటాను, కానీ దాని భారం మా పాప ఎందుకు మోయాలి? పక్కనే ఉండి ఆపగలిగితే తీసుకురండి. లేని రోజు తీసుకురావద్దు. "సారీ చెప్పు నాన్నా" అనిపించి వెళ్లిపోతే మాకు సరిపోదు.

తెనాలి అమ్మమ్మ:
ఈ నాన్న మాట నాకు నచ్చింది. కానీ భయం లేకుండా పిల్లలు ఎలా వింటారు?

విజయవాడ స్పీచ్ థెరపిస్ట్:
అమ్మమ్మగారూ, 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగం చూడండి. పెద్దవాళ్లు ఒక గాలిబొమ్మని కొడుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అదే బొమ్మని అలాగే కొట్టారు. మనం కొరికితే వాడు నేర్చుకునేది, తనకంటే చిన్నవాళ్లని కొరకొచ్చని.

మియాపూర్ అమ్మగారూ, మీరు ఒక విషయం రాయలేదు. బాబు ఎన్ని మాటలు మాట్లాడతాడు? రెండేళ్లు నిండేసరికి దాదాపు యాభై మాటలు, "పాలు ఇవ్వు" లాంటి రెండు మాటల జంటలు రావాలి. నోటితో అడగలేని పిల్లలు పళ్లతో అడుగుతారు. మాటలు తక్కువైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకి ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) పథకం 2013 నుంచి ఉంది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చూస్తారు. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు.

మియాపూర్ అమ్మ:
పదీ పదిహేను మాటలే అండి. "అబ్బాయిలకి ఆలస్యంగానే వస్తాయి" అని అందరూ అంటే ఆగాం.

విజయవాడ స్పీచ్ థెరపిస్ట్:
ఇక ఆగకండి. పరీక్షలో ఏమీ తేలకపోతే మంచిదే.

అంగన్‌వాడీ టీచర్, నల్గొండ:
ఆటకు పంపుడు మాత్రం పూర్తిగ బంద్ చెయ్యకు అక్కా. ఆడకుండ ఆట ఎట్ల నేర్చుకుంటడు? పదిమందిల కాదు, ఒక్కరితోటి. ఏమన్న తినిపించి తీస్కపో, అలసిపోకముందే తీస్కరా. కొరికితే అరవకుండ ఎత్తుకొని ఇంటికి పో. రోజూ అట్లనే చెయ్యాలె, ఒకనాడు నవ్వి ఒకనాడు కొడితే వానికి ఏం అర్థం కాదు.

కొండాపూర్ నాన్న:
ఆ ఒక్కరు ఎవరో ముందు వాళ్ల అమ్మానాన్నల్ని అడగండి. విషయం దాచకుండా చెప్పి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, నేనైతే ఒప్పుకునేవాణ్ణి. మాకు చెప్పకుండా జరిగింది కాబట్టే ఇంత కోపం.

తెనాలి అమ్మమ్మ:
కొరకమని ఇంక చెప్పను. చేతి మీద చిన్న దెబ్బ మాత్రం నేను ఇప్పటికీ తప్పనను.